లొక్రొనాన్‌కు పావుగంట చాలదు: యూరప్ టూర్లు నడిపే తెలుగు నిర్వాహకులకు బహిరంగ లేఖ

యూరప్ యాత్రలు నడిపే తెలుగు టూర్ నిర్వాహకులకు, బృందాల వెంట నడిచే గైడ్లకు,

నమస్కారం. మాన్ సాన్ మిషెల్ దాటి ఇంకా పడమరకు, ఫ్రాన్స్ కొసన సముద్రంలోకి చొచ్చుకుపోయిన బ్రిటనీకి మీరు బృందాలను తీసుకెళ్తున్నా, తీసుకెళ్లే ఆలోచనలో ఉన్నా ఈ ఉత్తరం మీకే. కార్యక్రమ పత్రంలో లొక్రొనాన్ పేరు పక్కన "ఫొటో స్టాప్, 15 నిమిషాలు" అని మాత్రం రాయకండి. అంతకన్నా ఆ ఊరిని వదిలేయడమే మేలు. పెట్టుకుంటే కనీసం నాలుగు గంటలు ఇవ్వండి. ముందు కొండ చూపించి, ఆ తర్వాతే నడివూరి కూడలికి తీసుకురండి. వరుస తిరగబడితే అక్కడి రాతి ఇళ్లు సినిమా సెట్‌లాగే మిగిలిపోతాయి. సినిమాలవాళ్లు చాలాసార్లు వాడుకున్న మాట నిజమే కానీ, ఆ ఊరు వాళ్లకోసం కట్టింది కాదు.

లొక్రొనాన్ ఫినిస్తేర్ జిల్లాలో ఉంది. జనాభా 800కు అటూ ఇటూ. ఊరి పరిధి మొత్తం దాదాపు 8 చదరపు కిలోమీటర్లు. జిల్లా కేంద్రమైన కెంపేర్ ఆగ్నేయాన 17 కిలోమీటర్ల దూరం. చేపల రేవు దువార్నెనే పడమటి దిక్కున 10 కిలోమీటర్లు. ఊరికి తూర్పున కొండ, వాయవ్యంగా పోర్జే అనే పల్లపు మైదానం, దాని అంచున దువార్నెనే అఖాతం. కొండ ఎత్తు 289 మీటర్లే. తిరుమల, శ్రీశైలం ఎక్కినవాళ్లు దాన్ని కొండ అనడానికే ఒప్పుకోరు. అయినా చుట్టూ నేల అంత ఎత్తులో లేదు కాబట్టి, తెరిపిగా ఉన్న రోజున పైనుంచి అఖాతం మొత్తం, ఉత్తరాన 330 మీటర్ల మెనెజ్ హోమ్ కొండ, దాని వెనక క్రొజోన్ ద్వీపకల్పం కనిపిస్తాయి.

కొండ ముందు అని పట్టుబట్టడానికి కారణం ఉంది. ఊరికి డబ్బు ఎలా వచ్చిందో పైనుంచి చూస్తేనే అర్థమవుతుంది: కింద నార పండిన పొలాలు, ఆ వెనకే ఆ నారతో నేసిన గుడ్డ ఎక్కాల్సిన సముద్రం. జూలై ఉత్సవంలో జనం నడిచే ప్రదక్షిణ దారి (దాని సంగతి తర్వాత చెబుతాం) చుట్టి వచ్చే నేల కూడా అక్కడినుంచి కాళ్లకింద పరుచుకుని ఉంటుంది. ఊళ్లోంచి పైకి రెండు కిలోమీటర్ల నడక. మామూలు మనిషికి ముప్పావుగంట పడుతుంది. పెద్ద బస్సును పైకి పంపే ప్రయత్నం చేయకండి, ఆ దారులు సన్నవి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కెంపేర్ నుంచే చిన్న వాహనం ఒకటి మాట్లాడుకోండి. ఊళ్లోకి వచ్చాక టాక్సీ వెతుక్కోవడం అయ్యే పని కాదు.

వాన సంగతి కూడా ముందే అనుకోండి. అట్లాంటిక్ మీదుగా వచ్చే పడమటి గాలికి ఆ తీరంలో జూలైలో కూడా సన్నటి తుంపర పడుతుంది, కొండ నెత్తిన మబ్బు కూర్చుంటుంది. బస్సు దిగగానే కొండ కనబడకపోతే వరుస మార్చి చర్చి ముందు చూపించండి. గాలి తిరిగితే మధ్యాహ్నానికి తెరిపి ఇవ్వొచ్చు. గొడుగులు ఆ గాలికి నిలవవు, టోపీ ఉన్న వానకోటు తెచ్చుకోమని ప్రయాణానికి ముందే చెప్పండి. కూడలిలో పరిచిన రాళ్లు తడిస్తే జారతాయి, నున్నటి అడుగున్న చెప్పులు పనికిరావు.

ఇక ఊరి కథ. గైడ్లు ఎక్కువగా తప్పు చెప్పేది ఇక్కడే. లొక్రొనాన్‌ను నిలబెట్టింది హెంప్ నారతో నేసిన తెరచాప గుడ్డ. హెంప్ అంటే గోనె సంచుల జనపనార కాదు. గంజాయి జాతిలోనే మత్తు లేని రకం మొక్క కాడ నుంచి తీసే నార అది. కాడలను కోసి నీటిలోనో మంచులోనో ఊరబెడితే నారను పట్టి ఉంచే జిగురు కుళ్లి వదులుతుంది. తర్వాత ఎండబెట్టి, దంచి, దువ్వి, వడికితే దారం వస్తుంది. ఉప్పునీటికీ గాలికీ ఓర్చుకోవడంలో ఆ కాలంలో దీనికి పోటీ వచ్చిన నారలు తక్కువ. 15వ శతాబ్దం నుంచి 17వ శతాబ్దం దాకా ఈ గుడ్డ పొరుగు రేవుల నుంచి ఓడలెక్కి ఇంగ్లండ్‌కూ స్పెయిన్‌కూ వెళ్లింది.

నేత ఎక్కడ జరిగేదని బృందంలో ఎవరైనా తప్పక అడుగుతారు. కూడలి చుట్టూ ఉన్న పెద్ద ఇళ్లు నేతగాళ్లవి కావు. అవి వర్తకులవి, గుడ్డ వ్యవహారాలు చూసిన అధికారులవి. నేతగాళ్లు మొఆల్ వీధి లాంటి పల్లపు వీధుల్లోని చిన్న ఇళ్లలో, కింది గదుల్లో మగ్గాలు పెట్టుకునేవారు. అందుకు బీదరికం ఒక్కటే కారణం కాదు. హెంప్ దారం ఎండితే పెళుసుబారి పడుగు తెగిపోతుంది. మట్టినేల గది చల్లదనం, చెమ్మ దారాన్ని మెత్తగా ఉంచుతాయి. అందుకే మొఆల్ వీధి చూడకుండా కూడలి మాత్రమే చూసి వెళ్లినవాళ్లు ఊరిలో సగమే చూసినట్టు, అదీ డబ్బున్న సగం.

కూడలిలోని ఇళ్లు ఎక్కువగా 17, 18 శతాబ్దాలవి. చెక్కిన గ్రానైట్ దిమ్మెల గోడలు, పలకరాయి పైకప్పులు, కప్పులోంచి పొడుచుకొచ్చిన రాతి కిటికీలు. నడుమ పాత బావి. ఆ ఇళ్లలో ఒకటి 17వ శతాబ్దంలో ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ కార్యాలయం. ఇక్కడ తెలుగువాళ్లకు నిజమైన సంబంధమే ఉంది. 1664లో పుట్టిన ఆ కంపెనీ ఓడల కోసం బ్రిటనీ దక్షిణ తీరాన లోరియాన్ రేవు 1666లో మొదలైంది. 1669లో అదే కంపెనీ మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. యానాంలో అడుగుపెట్టింది 1723లో. అలా అని "ఈ ఊరి తెరచాపలతోనే ఓడలు యానాం వచ్చాయి" అని గొప్పగా చెప్పించకండి. కంపెనీ గుడ్డ కొన్నది ఒక్కచోట కాదు, పైగా యానాం నాటికి లొక్రొనాన్ వెలుగు తగ్గిపోయింది. చెప్పదగిన మాట వేరే ఉంది. మచిలీపట్నం వైపునుంచి వెళ్లే అద్దకపు నూలు బట్టలకు ఫ్రాన్స్‌లో ఎంత గిరాకీ పెరిగిందంటే, అక్కడి నేతవారిని కాపాడటానికి 1686లో వాటిని నిషేధించారు. ఆ నిషేధం 1759 దాకా నడిచింది. బందరు నుంచి వచ్చిన యాత్రికులుంటే ఈ ముక్క దగ్గర ఆగుతారు, ఆగనివ్వండి.

వర్తకం ఎందుకు పడిపోయింది? ఇంగ్లండ్‌తో యుద్ధాలు పాత గిరాకీని తెంచాయి. రెన్ నగరం చుట్టుపక్కల నేసే నొయాల్ గుడ్డ పోటీకి వచ్చింది. రాజుగారి నౌకాదళం పెరిగేకొద్దీ పెద్ద రేవుల దగ్గరి కర్మాగారాలు బలపడ్డాయి. 18వ శతాబ్దం సాగేకొద్దీ ఊరు చిక్కిపోయింది. కొత్త ఇల్లు కట్టడానికి డబ్బు లేక పాతవాటిలోనే కాపురాలు సాగాయి కాబట్టే ఆ ఇళ్లు ఈరోజు చూడటానికి ఉన్నాయి. తర్వాత వాటిని చట్టంతో కాపాడారు. 20వ శతాబ్దం మొదటి సగంలో ఊరి మేయరుగా ఉండి, మంత్రి పదవులు కూడా చేసిన షార్ల్ దానియెలూ కాలంలో కూడలి రక్షిత కట్టడాల జాబితాకెక్కింది. కరెంటు తీగలు, టెలిఫోను తీగలు ఇప్పుడు నేల కింద ఉన్నాయి. "ఇంత పాతగా ఎలా ఉంది?" అన్న ప్రశ్నకు జవాబు మూడు వంతులు పేదరికం, ఒక వంతు చట్టం.

చర్చికి గంట కేటాయించండి. సెయింట్ రొనాన్ చర్చి 15వ శతాబ్దంలో బ్రిటనీ డ్యూకుల ఆదరణతో లేచింది. దాని పక్కనే గోడకు గోడ ఆనించి పెనితి అనే చిన్న ప్రార్థనాలయం ఉంది. అది 16వ శతాబ్దం మొదట్లోది. రెండుసార్లు ఫ్రాన్స్ రాణి అయిన బ్రిటనీ డచెస్ ఆన్ 1505లో ఇక్కడికి యాత్రగా వచ్చింది. బయటినుంచి చూడగానే చర్చి బురుజు మొండిగా తోస్తుంది. దానిమీదున్న కోసుశిఖరం 1808లో పిడుగుపడి పోయింది, మళ్లీ కట్టలేదు. లోపలికి వెళ్లాక తల పైకెత్తమనండి. బ్రిటనీ పల్లె చర్చిలకు మామూలుగా చెక్క పైకప్పే ఉంటుంది. ఇక్కడ రాతి కమానుల కప్పు. గుడ్డ డబ్బు, డ్యూకుల డబ్బు ఎంత పడిందో అదే చెబుతుంది. గోడలమీద పచ్చటి నాచు చూసి "సరిగా చూసుకోరా" అని ఎవరైనా అంటే, ఆ చెమ్మే కింది వీధిలో మగ్గాలను బతికించిందని గైడ్ గుర్తుచేయొచ్చు.

తూర్పు గోడ కిటికీలో 15వ శతాబ్దపు రంగుటద్దాలున్నాయి. ఏసు చివరి ఘట్టాలు గళ్లుగళ్లుగా సాగుతాయి. ఉదయపు ఎండ ఆ వైపునుంచి వస్తుంది, పదకొండులోపు వెళ్తే రంగులు బాగా పలుకుతాయి. ప్రసంగ వేదిక 1707 నాటిది. దాని చుట్టూ చెక్కమీద పది పతకాల్లో రొనాన్ కథ చెక్కారు. గైడ్‌కు కథ రాకపోతే ఆ పది బొమ్మల చుట్టూ వరుసగా నడిపిస్తే చాలు. ఐర్లండ్ నుంచి వచ్చిన సన్యాసి రొనాన్ నెవే అడవి దగ్గర కుదురుకోవడం, కెబెన్ అనే స్త్రీ తన కూతురిని అతడు మాయచేసి చంపాడని, తోడేలుగా మారతాడని నింద వేయడం, అతడు నిర్దోషిగా తేలడం, చివరికి దూరాన చనిపోతే శవాన్ని ఎద్దుల బండికెక్కించి, ఎద్దులు ఎటు తీసుకెళ్తే అటే అని వదలడం. దారిలో కెబెన్ బట్టలు ఉతికే కర్రతో ఎద్దు కొమ్ము విరగ్గొట్టింది. ఆ కొమ్ము పడ్డచోటే కొండమీది ప్లాస్ ఆర్ హోర్న్. ఉదయం కొండ ఎక్కినవాళ్లకు తాము నిలబడిన చోటు ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

పెనితిలో రొనాన్ సమాధి ఉంది. బ్రెస్ట్ అఖాతం వైపు దొరికే కెర్సాంతోన్ అనే ముదురు రంగు రాయితో 15వ శతాబ్దంలో చేసిన పడుకున్న విగ్రహం, దాన్ని మోస్తున్న ఆరుగురు దేవదూతలు. విగ్రహం చేతి కర్ర కొస కాళ్ల దగ్గరున్న మృగం నోట్లో దిగి ఉంటుంది. రాతిపలక కింద ఖాళీ ఉంటుంది. జబ్బులు నయమవుతాయని యాత్రికులు ఆ సందులోంచి దూరేవారు. మీ బృందంతో ఆ పని చేయించి వీడియో తీయించకండి, ఆ రాయికి ఆరు వందల ఏళ్ల వయసు ఉంది. అవశేషాలు అందులో ఉన్నాయని కూడా చెప్పకండి. ప్రార్థన జరిగే వేళ అడుగు బయటే ఆపాలి, గైడ్ గొంతు కూడా. ఆదివారం ఉదయం వెళ్లేట్టయితే ప్రార్థన వేళలు ముందురోజే కనుక్కోండి.

చర్చి నుంచి మొఆల్ వీధి మీదుగా దిగితే అడుగున నోత్ర్ దామ్ ద బొన్ నువెల్ ప్రార్థనాలయం వస్తుంది. పక్కన శిలువ స్తంభం, 1698 నాటి ఊట తొట్టి. పాత గోడలకు కొత్త రంగుటద్దాలున్నాయి, చిత్రకారుడు ఆల్ఫ్రెడ్ మానెసియే 1985లో చేసినవి. బొమ్మలు లేని రంగుల ముక్కలు అవి. పైన చర్చిలో 15వ శతాబ్దపు అద్దాలు చూసిన కళ్లతో వీటిని చూడటం మా లెక్కలో ఊరి మొత్తంలోకీ మంచి పావుగంట. దిగడం తేలికే, తిరిగి ఎక్కడం నిటారు. చక్రాల కుర్చీ ఉన్నవారిని పై వీధి దగ్గరే ఆపి, అక్కడ ఒకరిని తోడుంచండి.

ఇక ప్రదక్షిణ. దాన్ని త్రొమెనీ అంటారు. పాత మఠం భూమి, అంటే ఆశ్రయం కోరి వచ్చినవారిని చర్చి కాపాడిన నేల, దాని చుట్టూ తిరిగి రావడం. చిన్న త్రొమెనీ ఏటా జూలై రెండో ఆదివారం, సుమారు 6 కిలోమీటర్లు. పెద్ద త్రొమెనీ ఆరేళ్లకోసారి, 12 కిలోమీటర్లు, 12 మజిలీలు. దారి పొడవునా కొమ్మలు, గుడ్డలతో వేసిన చిన్న పందిళ్లలో చుట్టుపక్కల చర్చిల సాధువుల విగ్రహాలను పెడతారు. బతికుండగా ఈ ప్రదక్షిణ చేయనివాళ్లు చచ్చాక చేయాల్సి వస్తుందని, అప్పుడు శవపేటిక పొడవు చొప్పున జరుగుతూ పోవాలని అక్కడి పెద్దల మాట. మీ గైడ్లు దీన్ని సింహాచలం గిరి ప్రదక్షిణతో పోలుస్తారు. పోల్చనివ్వండి, యాత్రికులకు వెంటనే అందుతుంది. కాకపోతే సింహాచలంలో చుట్టేది స్వామి ఉన్న కొండను. ఇక్కడ చుట్టేది ఒక హద్దును. కొండ ఆ దారిలో ఒక మజిలీ మాత్రమే. క్రైస్తవానికి ముందున్న కెల్టిక్ పంచాంగం ఈ 12 మజిలీల్లో దాగి ఉందన్నది ఒక పరిశోధకుడి ప్రతిపాదన. ఆసక్తికరమైనదే, కానీ "ఇది డ్రూయిడ్ల (పాతకాలపు కెల్టిక్ పూజారుల) దారి" అని మైకులో ప్రకటించేంత ఖాయం కాదు.

నిర్వాహకులు ఇక్కడ చేసే పొరపాటు ఏటా ఎప్పుడైనా "పెద్ద త్రొమెనీ దారి నడక" అని అమ్మడం. ఆ దారి చాలాచోట్ల రైతుల సొంత పొలాల మీదుగా పోతుంది. ఉత్సవం కోసం మాత్రమే కంచెలు తీసి బాట వేస్తారు, అయ్యాక మూసేస్తారు. మిగతా కాలంలో పూర్తి దారి నడవలేరు. కొండ చుట్టూ ఉన్న మామూలు నడకబాటలకే బృందాన్ని తీసుకెళ్లండి. ఉత్సవం రోజున వెళ్లగలిగితే ఊరేగింపు వెనక నడవాలి, జెండాల మధ్యకు దూరకూడదు. ఆ జెండాలు బరువైన పట్టువి, గాలికి మోసేవాడే తూలుతుంటాడు. రెండు ఊళ్ల ఊరేగింపులు ఎదురుపడితే జెండాలను వంచి ఒకదానికొకటి తాకిస్తారు, అది వాళ్ల పలకరింపు. ఆ క్షణంలో ఫొటో కోసం మధ్యలో నిలబడ్డవాడిని ఎవరూ క్షమించరు. డ్రోన్ ఎగరేసే ఆలోచన వద్దు. ఫ్రాన్స్‌లో జనావాసాల బహిరంగ స్థలాలపై సరదాకు డ్రోన్ ఎగరేయడం నిషేధం.

భోజనం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే శాకాహారులు ఇబ్బంది పడేది అక్కడే. అక్కడి అట్టు గలెత్. బక్‌వీట్ పిండితో వేస్తారు, ఉత్తరాదివాళ్లు ఉపవాసాలకు వాడే కుట్టు పిండే అది. పిండిలో ఉప్పూ నీళ్లూ తప్ప ఎక్కువేమీ ఉండవు. కానీ జాబితాలో మొదటే కనిపించే "కొంప్లెత్" అంటే గుడ్డు, చీజ్, పంది మాంసం. పంది మాంసం లేకుండా కావాలంటే "సాన్ జాంబోన్" అనాలి. అంతటితో అయిపోలేదు. పెనానికి పాతపద్ధతిలో పంది కొవ్వు రాసేవాళ్లున్నారు, వెన్నతో వేస్తారా అని అడగాలి. ముందురోజే ఫోన్ చేసి చెబితే బృందానికి వేరే పెనం పెట్టేవాళ్లు దొరకొచ్చు, పన్నెండున్నరకు గుమ్మంలో నిలబడి అడిగితే దొరకరు. వంటిళ్లు పన్నెండుకు తెరిచి రెండుకు కట్టేస్తాయి. రెండున్నరకు చేరిన బస్సుకు తీపి తప్ప దొరకదు. చలికాలంలో సగం దుకాణాలు మూసే ఉంటాయి. బల్లమీదికి వచ్చే యాపిల్ సైడర్‌లో మద్యం ఉంటుంది, పండ్లరసం అనుకుని పిల్లలకు పోసే ప్రమాదం ఉంది.

తీపి అంటే క్విన్ అమన్. దువార్నెనేలో పుట్టిన రొట్టె. పాత లెక్క ప్రకారం 400 గ్రాముల రొట్టెముద్దకు 300 గ్రాముల ఉప్పువెన్న, 300 గ్రాముల చక్కెర. మడతలు వేసి కాలిస్తే పైన చక్కెర పాకంగా మారి పెళుసుగా అవుతుంది. సంప్రదాయ పద్ధతిలో గుడ్డు పడదు. గోరువెచ్చగా తినాలి, చల్లారితే వెన్న గడ్డకట్టి నాలుకకు అంటుకుంటుంది. చిన్నది ఒకటి నలుగురికి సరిపోతుంది. ఒక్కొక్కరికి ఒకటి కొనిపెట్టి తర్వాత బస్సులో బాధపడకండి.

రవాణా. పారిస్ మోంపర్నాస్ స్టేషన్ నుంచి కెంపేర్‌కు హైస్పీడ్ రైలు మూడున్నర నుంచి నాలుగు గంటలు. అక్కడినుంచి బస్సు తీసుకుంటే లొక్రొనాన్ పాతిక నిమిషాలు. పారిస్ నుంచే రోడ్డుమీద తీసుకొస్తే దాదాపు రోజంతా పోతుంది. యూరప్ నిబంధన ప్రకారం డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగాల్సిందే, రోజుకు మామూలుగా తొమ్మిది గంటలకు మించకూడదు. ఆ లెక్క వేయకుండా మాన్ సాన్ మిషెల్, లొక్రొనాన్, మళ్లీ పారిస్ ఒకే రోజులో ఇరికించిన కార్యక్రమం రోడ్డుమీదే విరుగుతుంది. ఒక్క ఊరట ఏమిటంటే బ్రిటనీలో రహదారులకు టోల్ లేదు. ఊళ్లో వాహనాలను అంచునే ఆపాలి, పార్కింగుకు రుసుము ఉంటుంది. కూడలి దాకా నడకే. కెంపేర్‌లో రాత్రి బస పెట్టి, ఉదయం తొమ్మిదింటికి బయల్దేరి, పదికల్లా చర్చిలో ఉండే పద్ధతీ ఉంది. అలా చేస్తే కొండను మధ్యాహ్నానికి జరపాలి, కానీ అద్దాలకు వెలుగు దక్కుతుంది. వాతావరణ సూచన చూసి రెండింటిలో ఒకటి ఎంచుకోండి.

బృందం పాతికకు మించితే రెండుగా చీల్చండి. పెనితిలో యాభైమంది పట్టరు, వెనకున్న సగంమందికి సమాధి కనిపించదు, గైడ్ గొంతు పెంచాల్సి వస్తుంది.

గత పెద్ద త్రొమెనీ 2025 జూలైలో జరిగింది. తర్వాతిది 2031లో. లెక్క ప్రకారం జూలై 13 ఆదివారం మొదలై 20 ఆదివారం ముగియాలి. ఆ వారమంతా జనం సొంతంగా కూడా ఆ దారి నడుస్తారు కాబట్టి, ఆదివారాల రద్దీ వద్దనుకునేవాళ్లకు మధ్యలోని రోజులు అనువు. కెంపేర్, దువార్నెనే వసతులు ఆ వారానికి ఏడాది ముందే పట్టుకోవాలి. 12 కిలోమీటర్లకు సగటున నాలుగైదు గంటలు పడుతుంది. పొలం గట్లు, బురద, చివర్లో కొండ ఎక్కుడు ఉంటాయి కాబట్టి నడిచేవాళ్ల పట్టిక వేరుగా, కూడలిలో వేచి ఉండేవాళ్ల పట్టిక వేరుగా ముందే రాసుకోండి.

ఇట్లు,
బ్రిటనీ పల్లెలను ఎరిగిన కొందరు తెలుగువారు